రెండు పిడికిళ్ల నాగు

కల్వకుర్తి పాత యార్డుల
మూడో నంబరు షెడ్డు మాకిచ్చిండ్రు.
రేకుల మీది పావురాల రెట్ట గీకనీకే
నలుగురు మనుషులు, పదకొండు రోజులు.
గోడలు కడిగినా వాసన పోలే.
సున్నం కొట్టినా పోలే.

పాత హమాలీ కుర్మయ్య అన్నడు:
'పోగొట్టకుండ్రి సారూ.
ఇన్నేండ్ల ఆముదం ఇది, గోడలు తాగింది.
మీరు పెట్టే వస్తువులల్ల
మొదటి వస్తువు ఇదే.'

ముప్పై ఒక్క ఏండ్లు
ఈ షెడ్డులనే తక్‌పట్టీలు రాసినోణ్ని.
ఇప్పుడు వస్తువుల కింద చీటీలు రాస్తున్న.
చెయ్యి అదే. సిరా రంగు మారింది.

గెల. ఎండినది.
కళ్లంల పరిస్తే మిట్టమధ్యాహ్నం
కాయలు చిట్లి గింజలెగిరి తలుపుకు తగిలేటివి,
ఎవరో గులకరాళ్లు ఇసిరి పిలుస్తున్నట్టు.
అవ్వ నిద్రల్నే 'ఎవరూ' అనేది.
ఇదంతా చీటీల పట్టలే.

దాసరి పురుగు. సీసాల, స్పిరిట్ల.
అడుగడుక్కు వంగి దండం పెట్టుకుంట
చేనంతా తినేది, ఈనెలు మాకిడిచి.
బడి ఎగ్గొట్టి డబ్బాలల్ల ఏరినం,
డబ్బాకు ఐదు పైసలు.
ఇప్పుడు నిక్కి నిలబడ్డది.
ఎవరికీ దండం పెట్టేది లేదు.

కందెన గొట్టం, వెదురుది.
బండి కింద యాలాడుకుంట
సంతలన్నీ తిరిగింది.

వంటాముదం కుండ.
మంత్రసాని బుడ్డమ్మ కోడలు తెచ్చిచ్చింది.
వేయించి, దంచి, ఉడకబెట్టి,
తేలిన నూనె గంటెతోని ఎత్తిన కుండ.
ఈ ఊళ్లె సగం మంది మాడులు
ఇండ్ల నూనె తాగినయే, నాది గూడ.
ఏండ్లెన్ని అని అడిగితే
'మీ వయసెంత' అన్నదామె.

అడ్తి దుకాణం మనుమడు ప్రమోద్
ఇనుప గుండ్లు తెచ్చిండు, రెండు సంచులు.
ఒక సంచిలది ఒక చేతిల, ఇంకో సంచిలది ఇంకో చేతిల
పట్టుకొని నిలబడ్డ.
రెంటి మీదా ఐదు కిలోలనే ఉన్నది.
చేతులకు ఎప్పుడో తెలిసిన సంగతి.

'ఉత్తగ తూకం గుండ్లు అని రాయుండ్రి సార్.'
పిల్లగాని తప్పు లేదు, వాడు పుట్టకముందు ముచ్చట.
మూడు చీటీలు చింపిన.
నాలుగోది రాసిన:
'ఇవి కొనేటప్పటి గుండ్లు.
ఇవి అమ్మేటప్పటి గుండ్లు.
లెక్క రాసింది నేను.'
కింద సంతకం పెట్టిన,
పట్టీ మీద పెట్టినట్టే, తోక పొడుగ్గ.
ప్రమోద్ చదివిండు. ఖాళీ సంచులు మడిచి
చాయ్ తాగకుంటనే పోయిండు.
గుండ్లు వాపస్ మాత్రం అడగలే.

రిబ్బన్ కత్తిరిచ్చి చైర్మన్ అన్నడు:
'ఏ చెట్టూ లేని కాడ ఆముదం చెట్టే మహావృక్షం!'
అందరు నవ్విండ్రు, చప్పట్లు కొట్టిండ్రు.
కుర్మయ్య కొట్టలే.
'ఇంకో చెట్టు బతకని చెల్కల
బతికినదాన్ని ఎక్కిరిచ్చుడెందుకు' అన్నడు,
నాకొక్కనికే ఇనపడేటట్టు.

జనం పోయినంక
ఊర్కొండ దిక్కుకెల్లి ఉశనమ్మ వచ్చింది.
చీటీల మొకం చూడలే, చదువు రాదు.
సక్కగ పోయి గాజుబుడ్డి మూత తీసింది.
గింజలు అరచేతిల పోసుకొని తిప్పి తిప్పి చూసింది.
పూరేడు గుడ్ల లెక్క మచ్చలు,
ఏ రెండూ ఒక్క తీరు లేవు.

'మా అత్త కాడుండె ఈ రకం.
పత్తి వచ్చినంక పోయింది.'
రెండు పిడికిళ్లు కొంగుల ముడేసింది.
వాచ్‌మన్ లేచిండు: 'అమ్మా, అవి చూసేటందుకే.'
'గింజ గూడ
ఒక వాన చూడాలె గదా కొడుకా.'

దస్త్రం తీసిన.
నలభై మూడో వరుస: ఆముదాలు, బుడ్డి ఒకటి.
'పోయినవి' అనే గడిల కలం పెట్టి ఆగిన.
పక్క గడిల రాసిన:
'ఉశనమ్మకు నాగు. రెండు పిడికిళ్లు.
పంటకు మూడు.'

గుండ్లు పక్కనే ఉన్నయి.
తూకం వెయ్యలే.